పిండి డబ్బాలోని దస్తావేజు

లవీనియా గది తలుపు నాలుగో రోజు కూడా మూసే ఉంది. అసలు తెరుచుకోలేదని కాదు. అందరూ ఇల్లు కదిలాక ఆవిడ బయటికొస్తోంది, కాఫీ కాచుకుంటోంది, కప్పు కడిగి సింకు పక్కన బోర్లించి మళ్ళీ లోపలికి పోతోంది. కోపమైతే కొండంత వచ్చింది గానీ, ఎంగిలి కప్పు వదిలేసే అలవాటు మాత్రం ఆవిడకి రాలేదు.

"అమ్మా, ఏడున్నరయింది," అంది వెర్లీన్ తలుపు దగ్గర నిలబడి. "ఎనిమిదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసు తెరుస్తారు."

లోపల్నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు మాత్రం వినిపించింది.

వెర్లీన్ వంటింట్లోకి వచ్చేసరికి మేనత్త ఓజెల్లా కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, బల్ల ముందు ప్రయాణానికి సిద్ధంగా కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒళ్ళో మైనపుగుడ్డలో చుట్టిన కాగితం. దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"రాదులే," అంది.

"నువ్వొకసారి పిలిస్తే వస్తుందేమో అత్తా."

"పిలవచ్చు. పిలిస్తే అడుగుతుంది. అడిగితే చెప్పాలి."

"ఏం అడుగుతుంది?"

ఓజెల్లా రొట్టెల పళ్ళెం మేనకోడలి వైపు తోసింది. మజ్జిగ పోసి కాల్చిన రొట్టెలు, పొద్దున్నే చేసినవి. నాలుగు రోజులుగా ఆవిడ ముగ్గురికీ సరిపడా చేస్తూనే ఉంది. మూడో మనిషి వాటా సాయంత్రానికి కోళ్ళకి పోతోంది.

ఇదంతా గురువారం మొదలైంది. భోజనాల దగ్గర వెర్లీన్ తమ్ముడు లిండన్, చిలగడదుంపలు ఇంకొంచెం వడ్డించమన్నంత తేలిగ్గా, పొలంలో తన వాటా కలప కంపెనీకి రాసిచ్చేశానని చెప్పాడు. చనిపోయిన తాత గిడియన్ స్ప్రూయిల్ పేరు మీదే ఇంకా ఉన్న యాభై రెండెకరాలు అవి. తాతకి ఇద్దరు పిల్లలు, ఓజెల్లా, ఆమోస్. ఆమోస్ పోయి పదకొండేళ్ళయింది. ఆమోస్ వాటా భార్య లవీనియాకీ, పిల్లలు వెర్లీన్, లిండన్‌లకీ వస్తుందనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

అందరూ అంటే ఓజెల్లా తప్ప అందరూ. ఆవిడ ఆ మాట విని మెల్లిగా లేచింది. పై అరలోంచి పాత పిండి డబ్బా దించింది. పిండంతా బల్ల మీద కుమ్మరించి, అడుగునుంచి మైనపుగుడ్డ మూట తీసింది.

అందులో ఉన్నది తాత చేతిరాత. పందొమ్మిది వందల యాభై తొమ్మిది. కూతురు ఓజెల్లా నార్‌ఫోక్ పట్నం లాండ్రీలో పదిహేనేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని ఈ భూమిని నిలబెట్టింది కాబట్టి, యాభై రెండెకరాలూ ఇల్లూ ఆవిడకే అమ్మినట్టు రాశాడు. కింద రెండు సాక్షి సంతకాలు. ఒకటి చర్చి పెద్దది, ఆయన పోయి చాలాకాలమైంది. రెండోది లవీనియాది.

లవీనియా తన సంతకం తను గుర్తుపట్టింది. అప్పటికి కొత్త కోడలు, ఇరవై మూడేళ్ళ పిల్ల. మామగారు వంటింటి బల్ల దగ్గరికి పిలిచి, నేను సంతకం పెట్టడం చూశావుగా, చూశానని కింద నీ పేరు రాయి అన్నాడు. రాసింది. చేతికి పిండి ఉందని తుడుచుకుని మరీ రాసింది. ఏం కాగితమని అడగడం ఆ రోజుల్లో కోడళ్ళ పని కాదు.

గురువారం ఆ కాగితాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది. చదివి బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళింది. అంతే.

వాకిట్లో ట్రక్కు ఆగింది. లిండన్ వచ్చాడు. ముప్పై మూడేళ్ళ వాడైనా, మేనత్త టోపీ చూడగానే చిన్నప్పుడు తప్పు చేసి దొరికినట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వెళ్తున్నారన్నమాట," అన్నాడు.

"కూర్చుని తిను," అంది ఓజెల్లా.

"తిండికి రాలేదత్తా. ఒక్క మాట అడగడానికొచ్చాను. ఆ కాగితం నిజమే అనుకుందాం. అయితే మా నాన్న ఇరవై ఆరేళ్ళు ఎవరి పొలం దున్నినట్టు? పొగాకు ఆకు కోసి కోసి గోళ్ళు నల్లబడిపోయేవి ఆయనకి. చివరికి ఆయన యజమానా, అక్క పొలంలో జీతం లేని పాలేరా?"

మాట గట్టిగానే అన్నాడు, గది తలుపు అవతలికి వినపడేటట్టు.

ఓజెల్లా మొహం పక్కకి తిప్పుకుంది. వెర్లీన్‌కి తమ్ముడి మీద కోపం వచ్చింది. దాని వెనకే, వాడడిగినదాంట్లో తప్పేముందన్న బాధా వచ్చింది.

"నాన్న పేరు అడ్డం పెట్టుకుని మాట్లాడకురా," అంది. "నువ్వు రాసిచ్చింది చెక్కకోసేవాళ్ళకి. వాళ్ళు నీ వాటాతో ఆగుతారనుకుంటున్నావా? కాగితం మా ఆఫీసు పుస్తకంలోకి ఎక్కిన మర్నాడే కోర్టుకెళ్తారు. ఈ భూమి ముక్కలు చేయడం కుదరదు, మొత్తం అమ్మించండి అంటారు. ఇల్లుతో సహా. అలాంటివి నా చేత్తోనే ఎన్ని ఎక్కించానో నీకు తెలీదు."

"వాళ్ళకి పైన్ చెట్లు చాలన్నారు."

"అన్నారు. కాగితంలో అలా రాశారా?"

లిండన్ రొట్టెల పళ్ళెం వంక చూశాడు.

"సంతకం పెట్టేముందు చదివావా?"

"పెద్ద పెద్ద మాటలున్నాయి. ఆయన చదివి వినిపించాడు."

ఓజెల్లా చప్పుడు లేకుండా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "వాణ్ణెందుకంటావులే. మన ఇంట్లో చదివి సంతకం పెట్టినవాళ్ళెవరు గనక," అంది.

లిండన్‌కి అది తగలాల్సినచోటే తగిలింది. అక్క వైపు తిరిగాడు. "సరే, నేను తెలివితక్కువ పనే చేశాను. నువ్వు పదమూడేళ్ళుగా ఆ ఆఫీసులోనే ఉన్నావు కదా. ముద్ర నీ చేతిలోనే కదా ఉండేది. ఇవాళ వాళ్ళ కాగితం వస్తే అడుక్కి తోసెయ్. అత్తది పైన పెట్టు. ఎవడు చూడొచ్చాడు?"

ఈ మాట వెర్లీన్‌కి కొత్త కాదు. మూడు రోజులుగా అదే ఆలోచన ఆమెకీ తిరుగుతోంది. అది తమ్ముడి నోటి వెంట వినేసరికి మాత్రం చచ్చేంత సిగ్గేసింది.

ఈ రాష్ట్రంలో కాగితం ఎప్పుడు రాశారన్నది కాదు, ఎప్పుడు పుస్తకంలోకి ఎక్కిందన్నదే లెక్క. ముప్పై ఏడేళ్ళ కిందట రాసిన దస్తావేజైనా సరే, పది నిమిషాలు ఆలస్యమైతే నిన్నగాక మొన్న కొన్నవాడి వెనక నిలబడాల్సిందే. గెలుపోటములన్నీ ఆ ముద్రలోని నిమిషంలో ఉంటాయి. ఆ ముద్ర వేసేది వెర్లీన్.

"నేనా పని చేస్తే," అంది మెల్లిగా, "రేపు ఆ గదిలో ఎవరైనా దిక్కులేనివాడి కాగితం కిందకి తోస్తే, ఎందుకని అడిగే హక్కు నాకుండదు. ఇవాళ సెలవు పెట్టాను. బల్లకి ఇవతలే నిలబడతాను."

"బాగుంది. నీ నీతికి ఇల్లు పోతుంది."

"కాగితం ఎక్కాలంటే నీతి కాదు, అమ్మ కావాలి."

నిజం అదే. శుక్రవారం ఆ కాగితాన్ని తమ రిజిస్ట్రారు హాస్కెట్ గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి రెండుసార్లు చదివారు. అంతా సరిగ్గా ఉంది, నోటరీ ముద్రే లేదన్నారు. అది లేకుండా పుస్తకంలోకి ఎక్కదు. బతికున్న సాక్షి ఎవరైనా వచ్చి, గిడియన్ సంతకం పెట్టడం కళ్ళారా చూశానని ప్రమాణం చేస్తే సరిపోతుంది.

నోటరీ ముద్ర ఎందుకు లేదో వెర్లీన్ ఆయనకి చెప్పలేదు. తాత కాలంలో నోటరీ అంటే కోర్టు ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు యజమాని, తెల్లవాడు. నల్లవాడి చేతిలో ఎంత భూమి ఉందో ఆ కొట్లో తెలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసేది. ఆ తర్వాత ఎవరో ఒకరు ఇంటికొచ్చి అమ్ముతావా అని మర్యాదగా అడిగేవారు. రెండోసారి అంత మర్యాదగా అడిగేవారు కాదు. అందుకే ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో దస్తావేజులు బైబిల్లోనో, బొంతలోనో, పిండి డబ్బాలోనో ఉండేవి. పుస్తకంలోకి ఎక్కకపోతేనే భూమి భద్రమని నమ్మారు. ఆ భయం వాళ్ళని ఒకప్పుడు కాపాడింది. ఇప్పుడు అదే కొంప ముంచుతోంది.

గది తలుపు తెరుచుకుంది.

ముగ్గురూ అటు తిరిగారు. లవీనియా చర్చికి వెళ్ళే నల్ల గౌను వేసుకుంది. తెల్ల చేతితొడుగులు, చేతిసంచీ. నాలుగు రోజుల్లో మొహం పీక్కుపోయింది గానీ జుట్టు మాత్రం చక్కగా దువ్వి ఉంది.

కొడుకు పక్కనుంచి వెళ్తూ ఆగి, వాడి చొక్కా కాలరు సరిచేసింది.

"వెర్లీన్, కారు తియ్యి," అంది. "వెనక సీట్లో నేను కూర్చుంటానని మీ అత్తకి చెప్పు."

ఓజెల్లా ఆవిడకి మూడడుగుల దూరంలో ఉంది. "ముందు సీట్లో కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుందని చెప్పవే మీ అమ్మకి," అంది.

"మీ అత్తకి ముప్పై ఏడేళ్ళుగా తిప్పుతూనే ఉందని నాకు తెలుసు. కిటికీ దించుకోమను."

ఇంకో రోజైతే వెర్లీన్ నవ్వేదే.

లిండన్‌ని గుమ్మంలోనే వదిలి కారు బయల్దేరింది. దారి పొడవునా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది, చిలగడదుంపలు తవ్విన పొలాల్లో మట్టి ఇంకా తడిగానే ఉంది. అద్దంలో తల్లి మొహం కనిపించినప్పుడల్లా వెర్లీన్ చూపు తిప్పుకుంది.

తప్పు వెర్లీన్‌దీ కొంత ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, కొత్తగా చేరిన అందరిలాగే, రికార్డు గదిలో తమ ఇంటిపేరు వెతికింది. కొన్నవాళ్ళ పుస్తకంలో గిడియన్ స్ప్రూయిల్ ఒకచోట కనిపించాడు. అమ్మినవాళ్ళ పుస్తకంలో ఎక్కడా లేడు. అంటే ఇరవై ఏళ్ళ కిందట పోయిన మనిషి పేరు మీదే భూమి ఇంకా ఉందన్నమాట. అది ఎంత ప్రమాదమో ఆరు నెలల్లో ఆమెకి బాగా అర్థమైంది. ఊళ్ళో వాళ్ళందరికీ కాగితాలు చక్కబెట్టుకోమని చెప్పింది. ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నాన్న ఏమంటాడో, అత్త ఏమంటుందోనని. ఆ ఇంట్లో భూమి గురించి ఎవరూ మాట్లాడరు, అదొక మర్యాద. ఆ మర్యాదకే ఇవాళ ఇల్లు పోయేటట్టుంది.

ఆఫీసు తెరిచి అయిదు నిమిషాలే అయింది. హాస్కెట్ గారు బల్ల వెనక ఒక్కరే ఉన్నారు, వెర్లీన్ సెలవు కాబట్టి. పదమూడేళ్ళలో ఆమె బల్లకి ఇవతల నిలబడడం ఇదే మొదటిసారి. ఇటునుంచి చూస్తే అది చాలా ఎత్తుగా అనిపించింది.

ఓజెల్లా మైనపుగుడ్డ విప్పి కాగితం పెట్టింది. మడతల్లో ఇంకా పిండి ఉంది. హాస్కెట్ గారు దాన్ని దులపకుండానే జాగ్రత్తగా పరిచారు.

అప్పుడే వెనక తలుపు చప్పుడయింది. వెర్లీన్ తిరిగి చూడకుండానే ఆ అడుగులు గుర్తుపట్టింది. విట్లీ గారు. కంపెనీల కోసం పాత దస్తావేజులు వెతికిపెట్టే పెద్దమనిషి. రికార్డు గదిలో ఆమె పక్కబల్ల మీదే పదేళ్ళుగా మధ్యాహ్నం తింటాడు. భార్య చేసిన పచ్చళ్ళు తెచ్చిపెడతాడు. చేతిలో గోధుమరంగు కవరుంది.

"గుడ్ మార్నింగ్ వెర్లీన్," అన్నాడాయన. అక్కడున్న ముగ్గురినీ చూసి విషయం గ్రహించి, టోపీ తీశాడు. "నేను వెనకే ఉంటాను. తొందరేం లేదు." కాసేపాగి, "అంటే, మరీ ఎక్కువసేపు కాకపోతే. కలప కంపెనీవాళ్ళు పదింటికి ఫోన్ చేస్తారు," అన్నాడు ఇబ్బందిగా.

హాస్కెట్ గారు బైబిల్ బల్ల మీద పెట్టారు.

"శ్రీమతి స్ప్రూయిల్, ఇది మీ సంతకమేనా?"

"నాదే," అంది లవీనియా.

"గిడియన్ స్ప్రూయిల్ గారు దీని మీద సంతకం పెట్టడం మీరు చూశారని ప్రమాణం చేస్తారా? కుడిచెయ్యి దీని మీద పెట్టండి."

లవీనియా కదల్లేదు. తొడుగు వేసుకున్న చెయ్యి చేతిసంచీ మీదే ఉంది. కాగితం వంకే చూస్తోంది. అందులో మొగుడి పేరు ఎక్కడా లేదు.

తర్వాత తలెత్తి, నాలుగు రోజుల్లో మొదటిసారి, మధ్యలో ఎవర్నీ పెట్టుకోకుండా ఆడపడుచు వైపు తిరిగింది.

"వదినా, ఆమోస్‌కి తెలుసా?"

ఓజెల్లా బల్ల అంచు పట్టుకుంది.

వెర్లీన్ అత్త వంకే చూసింది. ఒక్క మాట చాలు. తెలుసు, తెలిసే ఇష్టంగా ఒప్పుకున్నాడు అంటే చాలు. చనిపోయిన నాన్న వచ్చి కాదనడు. అమ్మ మనసు చల్లబడుతుంది, చెయ్యి పెడుతుంది, తొమ్మిది కాకుండానే ముద్ర పడుతుంది. అత్త అబద్ధమే చెప్పాలని మనసులో మొక్కుకుంది. అలా మొక్కుకున్నందుకు సిగ్గూ పడింది.

"తెలీదు," అంది ఓజెల్లా.

ఆవిడ కాగితం మీది తండ్రి చేతిరాత వంక చూసింది.

"నాన్న చెప్పొద్దన్నాడు. ఆ రోజుల్లో వాడెట్లా తాగేవాడో నీకు నేను చెప్పక్కర్లేదు. భూమి తనది కాదని తెలిస్తే ఇక సీసా వదలడని భయపడ్డాం. నువ్వు కడుపుతో ఉన్నావు. తర్వాత పిల్ల పుట్టింది, మానేశాడు. ఒక్కసారిగా మానేశాడు. పొద్దున్నే లేచి పొలానికి పోయేవాడు, నా పొలం నా పొలం అనేవాడు. అప్పుడు చెప్పాల్సింది. రోజూ అనుకునేదాన్ని. చెప్పడానికి మొహం చెల్లలేదు లవీనియా. ఇరవై ఆరేళ్ళు మొహం చెల్లలేదు. వాడు తనదే అనుకుంటూ పోయాడు."

"ఆస్పత్రిలో," అంది లవీనియా. "పోయేముందు నాతో ఏమన్నాడో తెలుసా. పిల్లలకి భూమి మిగిల్చానే, అది చాలు అన్నాడు."

"నాకూ అదే అన్నాడు," అంది ఓజెల్లా. "నేను ఔననే అన్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే జాలి అడిగినట్టవుతుందనుకుందో ఏమో.

హాస్కెట్ గారు గడియారం చూశారు. కష్టంగా ఉన్నా నియమం తప్పే మనిషి కాదు. వెర్లీన్‌కి పని నేర్పింది ఆయనే. "సాక్షి ప్రమాణం లేకుండా దీన్ని తీసుకోలేనమ్మా," అన్నారు. "వెనక ఒకాయన ఉన్నారు. మీ పని కాకపోతే కొంచెం పక్కకి జరగాలి. తర్వాతైనా చేసుకోవచ్చు."

తర్వాత అంటే ఏమిటో వెర్లీన్‌కి తెలుసు, ఆయనకీ తెలుసు. విట్లీ గారికీ తెలుసు. అందుకే ఆయన కవరు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"విట్లీ గారూ," అని పిలిచారు హాస్కెట్ గారు.

విట్లీ గారు ఒకడుగు ముందుకేశాడు. ఓజెల్లా కాగితాన్ని మళ్ళీ మడవబోయింది.

లవీనియా తన చేతిసంచీని ఎత్తి ఆ కాగితం మీద పెట్టింది. మడవడానికి లేకుండా.

"కాస్త ఆగండి బాబూ," అంది, వెనక్కి తిరక్కుండానే. "మా ఇంటి మాట ఇంకా పూర్తి కాలేదు."

తర్వాత కుడిచేతి తొడుగు చిటికెనవేలి కొస పట్టుకుని లాగింది. ఆ తర్వాత ఉంగరపువేలిది. మధ్యవేలి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, ఆడపడుచు కళ్ళలోకి చూసింది.

"ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు. సరే. ఇవాళ నేను చెయ్యి పెట్టి భూమి నీదని చెప్తే, వదినా, ఆయన సమాధి దగ్గరికి వచ్చి ఆ సంగతి ఆయనకి నువ్వు చెప్తావా, నేనే చెప్పాలా?"